వరదనీట మునిగిన పాత బుల్లెట్టు ఇంజను: ఇంటివద్ద బాగుచేసికొను విధము

మునేరు, వైరా, కట్టలేరు కలిసి పారు కీసర పరిసరములలో వరద యనునది క్రొత్తమాట గాదు. అయినను 2023వ సంవత్సరము జూలై నెలాఖరునను, మరల 2024వ సంవత్సరము సెప్టెంబరు తొలిదినములలోను వచ్చిన నీరు ఐతవరమువద్ద హైదరాబాదు రహదారినే ముంచి రాకపోకలను నిలిపివైచినది. పైరులకు కలిగిన నష్టము లెక్కలకెక్కినది. కాని నీరు తీసిన పిదప కొట్టములలోను, వసారాలలోను బురదతో నిలిచిపోయిన యంత్రములను గూర్చి విచారించినవారు తక్కువ. వానిలో పాత బుల్లెట్టు మోటారుసైకిళ్లును కలవు. తండ్రి వాడినది, అమ్ముటకు మనసొప్పనిది, బాగుచేయించుటకు తీరిక లేనిది: ఇట్టి బండి గోనెపట్టా క్రింద ఒక యేడు నిలిచినచో రెండవయేట పాతయినుము కొనువాని తక్కెడలోనికే పోవును.

ఇంజనును ఎన్నడును విప్పి యెఱుగని రైతుకొఱకే ఈ పాఠము వ్రాయబడుచున్నది. ఆయిలు ఇంజనును నడిపిన యనుభవము మన సభ్యులలో పెక్కండ్రకు గలదు గనుక పిస్టను, వాల్వు, రింగు అను మాటలు క్రొత్తవి గావు. ఆ యనుభవమునకు ఓపికయు, కొలతయు తోడైనచో, బుల్లెట్టు ఇంజనులో పైసగము పనిని ఇంటివద్దనే చేసికొనవచ్చును. క్రిందిసగము సంగతి వేఱు. దానిని తగినచోట చెప్పెదము.

ఈ యింజనునే ఎంచుకొనుటకు కారణము కలదు. ఇంగ్లండులోని రెడిచ్చి పట్టణమున రాయల్ ఎన్‌ఫీల్డు కంపెనీవారు రూపొందించిన ఈ బండిని 1955వ సంవత్సరమున మద్రాసునందు స్థాపింపబడిన ఎన్‌ఫీల్డు ఇండియా కంపెనీ తిరువొత్తియూరు కర్మాగారములో తయారుచేయ మొదలిడెను. తొలుత భాగములు ఓడలలో వచ్చెడివి, క్రమముగా అన్నియు ఇచ్చటనే పోతపోయబడినవి. రెడిచ్చి కర్మాగారము 1967లో మూతపడినను, మద్రాసులో ఆ పాత పోతయినుప బోరు ఇంజను ఇంచుమించు అదే రూపమున అర్ధశతాబ్దమునకు పైగా తయారగుచు వచ్చినది. అందుచేతనే దానికి కావలసిన సామాను నేటికిని దొరకుచున్నది. 350 బండికి బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90 మిల్లీమీటర్లు, ఘనపరిమాణము 346 ఘనపు సెంటీమీటర్లు. సిలిండరు ఒక్కటి, వాల్వులు రెండు. గేరుపెట్టె ఇంజనునుండి విడిగా నుండును. నేర్చుకొనువానికి ఇంతకంటె తేలికగా తెలియు ఇంజను మఱియొకటి దొరకదని మా యభిప్రాయము. జావా, రాజదూతు మొదలగు బండ్లు రెండు స్ట్రోకులవి. వానికి ఈ పాఠములో కొంతభాగమే వర్తించును.

మొట్టమొదట చేయరాని పని యొకటి కలదు. నీట మునిగిన బండిని ఒక్కమాఱైనను కిక్కు కొట్టరాదు. గాలి నొక్కినచో నణగును, నీరు అణగదు. సిలిండరులో గుక్కెడు నీరున్నను, పిస్టను పైకి వచ్చునపుడు ఆ బలమంతయు కనెక్టింగు రాడ్డుమీద పడి అది వంగును. నీరు లేకపోయినను త్రుప్పు ఉండును. త్రుప్పుపట్టిన బోరులో పిస్టను కదలినచో రింగులు గోడను గీరివైచును. వీనియన్నిటికంటె చెడ్డది వండ్రు. మునేటి వండ్రు పొలమునకు సారమిచ్చును గాని, బేరింగులో చేరినపుడు ఆకురాయివలె అరగదీయును. వరద తగ్గిన మఱునాడు "ఒకసారి చూచెదము" అని కిక్కుకొట్టి పోగొట్టిన యింజనులు నీటివలన పోయినవానికంటె తక్కువ యుండవు.

కావున మొదట ప్లగ్గు ఊడదీయుడు. బ్యాటరీ తీగలు విప్పుడు. ఈ యింజనుకు ఆయిలుట్యాంకు వేఱుగా నుండదు, క్రాంకుపెట్టె పోతలోనే వెనుకవైపున ఒక గదియై యుండును. దాని క్రిందనున్న బిరడానట్టును, క్రాంకుపెట్టె క్రింది నట్టును విప్పి, అడుగున వెడల్పాటి పళ్లెము నుంచవలెను. నీరు ఆయిలుకంటె బరువైనది గనుక ముందుగా నీరే వచ్చును. పిదప పాలుకలిపిన కాఫీవంటి చిక్కని ద్రవము వచ్చినచో నీరును ఆయిలును చిలుకబడినవని, అనగా మునిగిన తరువాత ఎవరో ఇంజనును త్రిప్పినారని గ్రహింపవలెను. ఇట్లే గేరుపెట్టెను, ఎడమప్రక్కనున్న ప్రైమరీచైను మూతను గూడ ఖాళీ చేయవలెను. విప్పుటకు వెంటనే తీరిక లేనిచో, ప్లగ్గు రంధ్రమునుండి పావులీటరు డీసెలు ఆయిలును, కొంచెము ఇంజను ఆయిలును పోసి మూసియుంచుడు. కోతలు ముగియువఱకు బండి ఆగగలదు, త్రుప్పు ఆగదు.

ఏడాదిగా నిలిచిన బండిలో పిస్టను పట్టివేసియుండును. అప్పుడును కిక్కుతో గాని సుత్తితో గాని పనిలేదు. పైన చెప్పిన మిశ్రమమును పోసి నాలుగైదు దినములు నాననిచ్చి, బండిని నాలుగవ గేరులో నుంచి వెనుకచక్రమును చేతితో ముందుకు వెనుకకు మెల్లగా ఊపవలెను. వెంట్రుకవాసి కదలినను చాలును, మరునాడు మరికొంత కదలును. వారము దినములైనను కదలనిచో హెడ్డు విప్పి పైనుండి చూడవలసినదే.

విప్పుటకు పూర్వము బండిని బాగుగా కడిగి ఆరనిండు. బురదబండిని విప్పినవాడు ఆ బురదను తానే లోపలికి పంపినవాడగును. తరువాత ఒక పలకయో, నోటుపుస్తకమో దగ్గఱ నుంచుకొనుడు. ప్రతి భాగమును తీయుటకు ముందు సెల్‌ఫోనుతో ఫొటో తీయుట మంచిదే. కాని ఫొటోలో వాషరు నట్టుకు పైనున్నదో క్రిందనున్నదో కనబడదు. అది చేతితో వ్రాసికొనినవానికే తెలియును. ఒక్కొక్క భాగమునకు చెందిన నట్టులను వేఱువేఱు డబ్బాలలో నుంచి పైన పేరు వ్రాయవలెను. ఒకే తట్టలో నన్నియు వేసినవాడు బిగించునాడు రెండు మిగుల్చుకొని, అవి యెచ్చటివని తలపట్టుకొనును.

పానాల విషయమై యొక హెచ్చరిక. పాత బుల్లెట్టులలో పెక్కు నట్టులు విట్‌వర్తు అను పాత ఇంగ్లీషు కొలతవి. తరువాతి బండ్లలో మిల్లీమీటరు కొలతవియు కలిసియుండును. ట్రాక్టరుపెట్టెలోని మిల్లీమీటరు పానా "ఇంచుమించు సరిపోయినది" అనిపించును గాని, బలముపెట్టగానే నట్టు మూలలు గుండ్రబడును. సరియైన పానా దొరకువఱకు ఆ నట్టుజోలికి పోకుండుట లాభము.

పెట్రోలుట్యాంకు, కార్బురేటరు, సైలెన్సరు గొట్టము, రాకరులకు ఆయిలు తెచ్చు సన్నని గొట్టములు తీసినపిదప రాకరుమూతలు విప్పవలెను. పిస్టను కంప్రెషను స్ట్రోకున పైకొసకు వచ్చి, రెండు వాల్వులును మూసికొనియున్న స్థితిలో రాకరులను తీసినచో వానిపై స్ప్రింగుబలము పడదు. పుష్‌రాడ్లు రెంటిలో లోవాల్వుది యేదో బైటివాల్వుది యేదో గుర్తు కట్టియుంచుడు. హెడ్డునట్టులను ఒకదానివెంట నొకటి పూర్తిగా ఊడదీయక, ఎదురెదురు నట్టులను పావుచుట్టు చొప్పున వదులుచేయవలెను. బిగించునపుడును ఇదే క్రమము. లేనిచో హెడ్డు వంగి గాస్కెట్టు నిలువదు.

బోరును మెల్లగా పైకెత్తునపుడు, పిస్టను బైటపడకముందే క్రాంకుపెట్టె నోటిలో ఉతికిన గుడ్డను కుక్కుడు. గజన్‌పిన్ను కిరుప్రక్కల నుండు సర్‌క్లిప్పులు తీయునపుడు ఎగిరి క్రాంకుపెట్టెలో పడినచో, పైసగము పని క్రిందిసగము పనియై కూర్చుండును. తీసిన సర్‌క్లిప్పులను మరల వాడరాదు. పిన్ను రాకపోయినచో పిస్టనుచుట్టు వేడినీట ముంచి పిండిన గుడ్డ చుట్టినయెడల అల్యూమినియము వ్యాకోచించి పిన్ను చేతితోనే జరుగును. సుత్తితో కొట్టినదెబ్బ పిస్టనుకు గాదు, కనెక్టింగు రాడ్డుకు తగులును.

ఇక కొలత. ఈ పాఠమంతటిలోను ముఖ్యమైనది ఇదియే. బోరు అరిగినదా, అరిగినచో నెంత యని తెలియకయే పెక్కండ్రు క్రొత్త పిస్టను కొనుచున్నారు, లేదా అరిగిన బోరులో క్రొత్త రింగులు వేయుచున్నారు. మొదటిది వృథావ్యయము, రెండవది వృథాశ్రమ. విలువైన పనిముట్లు లేకయే ఒక ఫీలరుగేజితో దీనిని తెలిసికొనవచ్చును.

పైరింగును పిస్టనునుండి జాగ్రత్తగా విడదీసి, శుభ్రపఱచిన బోరులో క్రిందికొసకు దగ్గఱగా, అనగా రింగులు తిరుగని అరగనిచోట నుంచుడు. పిస్టనుతో నెట్టినచో అది చదునుగా నిలుచును. రింగు రెండుకొసల నడుమ సందును ఫీలరుగేజితో కొలిచి వ్రాసికొనుడు. మరల అదే రింగును బోరు పైఅంచునకు అరంగుళము క్రిందుగా, అరుగుదల హెచ్చుగా నుండుచోట నుంచి కొలువుడు. క్రింద సందు 12 థౌలు, పైన 34 థౌలు వచ్చినదనుకొనుడు. థౌ యనగా అంగుళములో వేయవవంతు. తేడా 22 థౌలు. ఇది చుట్టుకొలతలోని తేడా. అడ్డకొలత కావలెనన్న దీనిని 22/7తో భాగింపవలెను, 7 థౌలు వచ్చును. బోరు పైభాగమున 7 థౌలు అరిగినదన్నమాట. బండిచక్రమునకు పట్టా వేయు కమ్మరి ఈ లెక్కను చదువకయే యెఱుగును: అడ్డకొలత అంగుళము పెరిగినచో పట్టా మూడంగుళములపైచిలుకు పెరుగవలెను.

అరుగుదల మూడు నాలుగు థౌలలోపున నుండి, గోడపై లోతైన గీతలు లేనిచో క్రొత్త రింగులు చాలును. ఆరేడు థౌలైనచో బోరింగు వేయింపవలసినదే. నీట మునిగిన బండికి మఱియొక పరీక్ష కలదు. త్రుప్పు తుడిచిన తరువాత గోడపై నల్లని మచ్చ కనబడినచో గోటితో గీచిచూడుడు. గోరు తట్టుకొననిచో మచ్చ రంగుమాత్రమే. గోరు పట్టుకొన్నచో గుంట పడినది. అట్టి గుంట రింగుకు దారిలోనున్నచో అరుగుదల యెంత తక్కువైనను బోరింగు తప్పదు.

బోరింగు పని విజయవాడ ఆటోనగరులో జరుగును. అచ్చటికి బోరును మాత్రమే తీసికొనిపోవుట మనవారి యలవాటు. 20 థౌల హెచ్చుకొలత పిస్టనును ముందుగా కొని, దానినిగూడ వెంట తీసికొనిపోయి, "ఈ పిస్టనుకు ఈ బోరు" అని చెప్పి వేయింపవలెను. ఒకే కొలత యని ముద్రవేసిన రెండు పిస్టనులలో థౌ అటునిటు తేడా యుండవచ్చును. తిరిగి వచ్చిన బోరును వేడినీటను సబ్బుతోను తోమి, తెల్లగుడ్డతో తుడిచిచూడుడు. గుడ్డ మాసినంతసేపు తోమవలెను. బోరింగు రాతిపొడి కిరసనాయిలుతో పోదు, సబ్బునీటికే పోవును. ఆరగానే ఆయిలు పూయనిచో జాము తిరుగకముందే ఎఱ్ఱని పొర పట్టును.

వాల్వులను సీటుపై గ్రైండింగు పేస్టుతో తిప్పి నూరుట ఎవరైనను చేయగల పని. నూరిన తరువాత సీటుచుట్టును తెగని బూడిదరంగు వలయము కనబడవలెను. వాల్వులను బిగించి హెడ్డును తిరుగవేసి కిరసనాయిలు పోసినచో పావుగంటవఱకు చుక్కయైనను కారరాదు.

క్రిందిసగమునకు వత్తుము. కనెక్టింగు రాడ్డును రెండుచేతులతో పట్టి నిట్టనిలువుగా పైకి క్రిందికి లాగిచూడుడు. ప్రక్కలకు కొంచెము ఆడుట సహజము, నిలువున ఏమాత్రము ఆట యున్నను పెద్దకొస బేరింగు పోయినట్లే. బురదనీరు క్రాంకుపెట్టెలో చేరిన బండికి, ఆట లేకపోయినను, క్రిందిసగము విప్పించుటయే మంచిదని మా దృఢాభిప్రాయము. కారణ మేమన్న, ఈ యింజనులో పెద్దకొసకు గుండ్ల బేరింగు లేదు. రాడ్డునకును పిన్నుకును నడుమ తేలుచు తిరుగు బుష్షు గలదు. అది ఆయిలుపొరపైననే బ్రతుకును. ఆ ఆయిలును పంపు పంపు కుడిప్రక్క మూతలో నున్నది. అచ్చటినుండి క్రాంకుకొసకు ఆయిలు చేరు సన్నని దారిలో రేణువంత వండ్రు అడ్డుపడినను బుష్షు కొలదిమైళ్లలో పట్టివేయును. అప్పుడు పైసగమునకు పెట్టిన వ్యయమంతయు బూడిదలో పోసినట్లే.

క్రాంకును విడదీసి మరల ప్రెస్సుపై కూర్చి, సరిగా తిరుగునట్లు సవరించుట లేతుపనివానిది. క్రొత్తవాడు దానికి పూనుకొనరాదు. ఇంజనును ఫ్రేమునుండి దించి, కడిగి, తీసికొనిపోయి, విప్పునపుడు దగ్గఱ నిలిచి చూచుట మీ పని. కుడిమూత క్రింద క్రాంకుకొసనున్న పంపుపురికి మఱ ఎదురుచుట్టుది. దీని నెఱుగనివారు బిగించుచునే విప్పుచున్నామనుకొని క్రాంకుకొసను విఱుగగొట్టుదురు. మూత తిరుగవేయునపుడు ఆయిలుదారికి అడ్డముగానుండు చిన్న సీలు, పాత బండ్లలో బిరడాచెక్కది, క్రొత్తది వేసినారా యని అడుగుడు. నాలుగుకాసుల ఆ వస్తువు చినిగినచో ఆయిలు పెద్దకొసకు చేరక దారిలోనే కారిపోవును. ఫెల్టు ఫిల్టరుకూడ క్రొత్తది వేయవలెను. ఆయిలుగదిలోనికి చేయిపెట్టి అడుగున పేరిన మడ్డిని తుడిచినారా లేదా చూడుడు.

వ్యయమునుగూర్చి యొక్కమాట. క్రిందిసగము విప్పించవలసిన బండికి పిస్టను, బోరింగు, క్రాంకుపని, బేరింగులు, ఎలక్ట్రికు సామాను వీనియన్నిటి ధరలను ముందే ఆటోనగరులో రెండు మూడు చోట్ల విచారించి కాగితముపై కూడిచూచుకొనుడు. మొత్తము మీ చేతిలోని సొమ్మును మించినచో, ఇంజనును ఆయిలుతో నింపి మూసియుంచి మరుసటి యేటికి ఆపవచ్చును, నష్టము లేదు. పంటకని తెచ్చిన అప్పులోనుండి ఒక్క రూపాయియైనను ఈ పనికి మరల్పరాదు. మిరపతోటకు మందు కొట్టవలసిననాడు బుల్లెట్టు చప్పుడు ఎంత యింపుగానున్నను ఉపయోగము లేదు. ఇంజనుకేసు మార్చవలసివచ్చినచో దానిమీది నంబరు రిజిస్ట్రేషను కాగితములలోని నంబరుతో సరిపడదని గుర్తుంచుకొనుడు. 2021వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము ఏబదియేండ్లు దాటిన బండ్లకు ప్రత్యేక రిజిస్ట్రేషను నియమము తెచ్చినది. అట్లు నమోదైన బండిని నిత్యము రోడ్డుపై వాడరాదు గనుక, పొలమునకు పోవుటకు బండి కావలసినవారు సాధారణ రిజిస్ట్రేషనునే కాపాడుకొనవలెను.

బిగించునపుడు ప్రతి రాపిడి స్థలమునకును శుభ్రమైన ఆయిలు పూయుడు. రింగుల సందులు మూడును ఒకే వరుసకు రాకుండ మూడుదిక్కులకు త్రిప్పియుంచుడు. ఈ బండి టాపెట్లకు, ఆయిలు ఇంజనుకువలె సందు ఉంచరాదు. ఇంజను చల్లగానుండగా పుష్‌రాడ్డు వ్రేళ్లతో తిరుగవలెను, పైకి క్రిందికి ఆడరాదు. అంతే కొలత.

కాంటాక్టు పాయింట్లను తుడిచి, పూర్తిగా తెఱచుకొన్నపుడు సందు 14 మొదలు 16 థౌలుండునట్లు అమర్చుడు. నీట మునిగిన కండెన్సరును నమ్ముటకంటె మార్చుట మేలు. కాయిలు నిప్పు పిస్టను పైకొసకు 0.8 మిల్లీమీటరు ముందు పడవలెను. దీనికి బండిలోని అమ్మీటరే సాక్షి. తాళముచెవి త్రిప్పినపుడు పాయింట్లు మూసియున్నచో ముల్లు ఎడమకు వంగును, తెఱచుకొన్న క్షణమున నడిమికి వచ్చును. ముల్లు కదలినచోటనే నిప్పు పడుచున్నదన్నమాట. కిక్కుకొట్టుటకును ఇదే గుర్తు: ముల్లు నడుమ నిలిచినపుడు డీకంప్రెషను మీటను నొక్కి పిస్టనును పైకొస దాటించి, మీట వదలి, కిక్కును పైనుండి క్రిందివఱకు నిండుగా త్రొక్కవలెను.

కార్బురేటరు సన్నని జెట్లను తీగతో పొడువరాదు, గాలి ఊదుటయే తగును. 2025వ సంవత్సరమునాటికి మనదేశమున పెట్రోలులో నూటికి ఇరువదివంతుల ఎథనాలు కలుపుట జరిగినది. మనము పండించు మొక్కజొన్నయు, చెఱకుమడ్డియు దానికి ముడిసరుకులే గనుక రైతుకు ఇది ఇష్టమైన వార్తయే. అయినను ఎథనాలు నీటిని పీల్చుకొనును, పాత రబ్బరును మెత్తబఱచును. కావున పెట్రోలుగొట్టమును, కార్బురేటరు వాషర్లను క్రొత్తవి వేసి, బండిని నెలలతరబడి నిలుపునపుడు ట్యాంకును, ఫ్లోటుగిన్నెను ఖాళీ చేయవలెను.

ఇంజను అంటుకొన్న తరువాత ఆనందముతో రేజు చేయకుడు. మెల్లగా తిరుగుచుండగా కుడిమూతపైనున్న ఆయిలు బిరడాస్క్రూను కొంచెము వదులుచేసినచో ఆయిలు ఊరవలెను. పైన రాకరుగొట్టపు నట్టువద్దను అట్లే ఊరవలెను. ఒకచోటనైనను ఊరనిచో తక్షణమే ఆపివేయుడు. ఐదునిమిషములు నడిపి, పూర్తిగా చల్లారనిచ్చి, హెడ్డునట్టులను వెనుకటి క్రమముననే మరల బిగించుడు. మొదటి ఐదువందల కిలోమీటర్లు గంటకు నలువదికి మించక, బరువులు వేయక, ఒకే వేగమున గాక అటునిటు మార్చుచు నడుపవలెను. కీసర వంతెనమీద లారీలతో పోటీపడుటకు ఇది సమయము గాదు. ఐదువందలు కాగానే ఆయిలును వేడిగానుండగనే తెల్లగుడ్డమీదుగా వడగట్టుచు దింపుడు. గుడ్డమీద సన్నని బూడిదరంగు పొడి సహజము. మెఱయు రేకులు కనబడినను, ఇసుక వ్రేళ్లకు తగిలినను బండిని మరల త్రొక్కక, కుడిమూత విప్పించి ఆయిలుదారిని చూపింపవలెను.